మెక్సికో కైమా, మన పాటోళి

మెక్సికో దేశానికీ మన తెనాలి, బాపట్ల, రేపల్లెలకూ ఏమిటి సంబంధం అని ఎవరైనా అడిగితే, మిరపకాయ అని వొక్క ముక్కలో చెప్పి వూరుకోవచ్చు. తీరిక వుంటే మొక్కజొన్ననూ చేర్చవచ్చు. టొమేటో సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ పేరే మెక్సికో ఆదివాసుల నాహువాటల్ భాషలోంచి పుట్టింది. పోర్చుగీసువారి ఓడలు వీటిని మన దేశపు రేవులకు చేర్చిందాకా గుంటూరు కారమనేది లేనే లేదు. మన పూర్వులు మిరియాలతోనూ పిప్పళ్లతోనూ కారపు ముచ్చట తీర్చుకున్నారు. మిరపకాయనూ, మన బామ్మలు రామములగపండని పిలుచుకున్న టొమేటోనూ చాలా యిళ్లలో తద్దినపు వంటలోకి యిప్పటికీ రానివ్వరు. మిగతా 364 రోజులూ మాత్రం అవి లేనిదే పొయ్యి వెలగదు.

కాబట్టి మెక్సికో వంట మన వంటింటి గడప తొక్కడం కొత్త చుట్టరికమేమీ కాదు. చిక్కల్లా కైమా దగ్గర వస్తున్నది. అమెరికాలో అచ్చయిన మెక్సికో వంటల పుస్తకం తీసి చూడండి. ఏ నాలుగో పేజీలోనో "గొడ్డుమాంసం కైమా, వొక పౌను" అని కనిపిస్తుంది. పౌనంటే సుమారు 450 గ్రాములు. అక్కడితో మన గృహిణులలో చాలామంది పుస్తకం మూసేస్తారు. మన మూడు వూళ్లలోనూ అది వండుకునే యిళ్లు వున్నాయి. వారికి ఈ వ్యాసంతో పని లేదు, వారి వంటకు నేను పెట్టే వంకా లేదు. పుస్తకం మూసేసినవారి కోసమే ఈ నాలుగు మాటలూ.

అసలు ఆ పుస్తకం మన యింటికి ఎందుకు వచ్చిందంటారా? పిల్లలు తెచ్చారు. మన డెల్టా నుంచి అమెరికా వెళ్లినవారిలో టెక్సాస్ రాష్ట్రం చేరినవారు తక్కువేమీ కాదు. డల్లాస్ నగరం చుట్టూ ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో అనే వూళ్లున్నాయి. అక్కడి బజార్లలో తెలుగు మాట వినపడడం వింత కాదు. ఆ టెక్సాసు 1836 దాకా మెక్సికోలో భాగం. అందుచేత అక్కడ మన పిల్లలకు ఇడ్లీ తరువాత ఇడ్లీ అంతటిది టాకో. మొక్కజొన్న రొట్టెను దోసెలా మడిచి, లోపల కైమా, తరిగిన వుల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం — అదీ టాకో అంటే. మడిచిన రొట్టెను నూనెలో కరకరలాడేట్టు వేయించి, లోపల గొడ్డుమాంసం కైమా కూరడం అసలు మెక్సికోకంటె దాని వుత్తరాన వున్న అమెరికా అలవాటే ఎక్కువ.

గత వేసవిలో మా చిన్నాన్నగారి అమ్మాయి భర్తతోనూ, పదేళ్ల కొడుకుతోనూ టెక్సాసు నుంచి వచ్చింది. అత్తవారిది తెనాలి, అన్నగారిది బాపట్ల, అమ్మమ్మగారిది రేపల్లె. వారం తిరక్కముందే తెనాలి యింట్లో రెండు పంక్తులు పడ్డాయి. పిల్లవాడు అన్నం, పప్పు ముట్టడు. వాడికి బయటినుంచి పొట్లాలు వస్తున్నాయి. నాయనమ్మకు బయటి తిండి పడదు, మాంసం సరేసరి. ఆవిడ తన పెరుగన్నం తాను తిని లేస్తుంది. రెండేళ్లకొకసారి మూడు వారాల కోసం వచ్చే మనవడికి తన చేతి ముద్ద వొక్కటీ పెట్టలేకపోతినే అని ఆవిడ బాధ. పైకి అనదు గాని, పొట్లం వచ్చినప్పుడల్లా లేచి పెరట్లోకి వెళ్లిపోతుంది. మా చెల్లెలు నన్ను పిలిచి, "అక్కా, అందరూ వొకే గిన్నెలోంచి తినేట్టు టాకో చేయగలవా? నువ్వు వంటలో దిట్టవు గదా" అన్నది. పొగిడితే పని చేసే స్వభావం నాది.

మొదట వొక అపోహ తీర్చుకోవాలి. మాంసం లేకుండా మెక్సికో వంట చేస్తే అది దొంగ వంట అవుతుందేమో అన్నది మా మరిదిగారి సందేహం. కానే కాదు. స్పెయిన్ దేశపు కోర్టెస్ 1521లో ఆజ్టెక్కుల రాజధానిని పట్టుకున్నాడు. అంతకుముందు ఆ దేశంలో ఆవూ లేదు, మేకా లేదు, పందీ లేదు. వేటమాంసమూ, సీమకోడీ తిన్నారు గాని, నిత్యం కడుపు నింపినవి మొక్కజొన్న, చిక్కుడు గింజలు, గుమ్మడి, మిరప. తోటకూర జాతి గింజలు కూడా వారికి ఆహారమే. గొడ్డుమాంసం ఆ వంటింటికి తరువాత వచ్చిన చుట్టం. కొత్తిమీర, జీలకర్ర కూడా స్పెయిన్ వారితోనే వెళ్లాయి. అవి లేని మెక్సికో వంట యిప్పుడు వూహించలేం. నేటి మెక్సికోలోనూ గృహిణులు "పికాడియో" అనే కైమా కూరను మాంసానికి బదులు సోయాతో చేసుకోవడం మామూలే. అక్కడి తల్లులు చేసుకునేది మనం చేసుకుంటే తప్పేమిటి?

తెనాలి వంటింట్లో సోయా

సోయా అంటే మన బజారులో మీల్ మేకర్. అది మొదట వొక సరుకుకు పెట్టిన పేరు. వనస్పతి అంతా డాల్డా అయిపోయినట్టు సోయా వుండలన్నీ మీల్ మేకర్ అయిపోయాయి. వుండలుగాక రవ్వలాంటివి కూడా దొరుకుతాయి. కైమా పనికి ఆ రవ్వే కావాలి. వుండలు దొరికినా నష్టం లేదు, నానబెట్టి మిక్సీలో వొక్క తిప్పు తిప్పితే సరి.

ఇది ఎలా తయారవుతుందో తెలిస్తే, ఎలా వండాలో తెలుస్తుంది. సోయా చిక్కుడు గింజల్లోంచి నూనె తీసేయగా మిగిలిన పిండి యిది. మన నువ్వుల తెలగపిండికి దాయాది అనుకోండి. తెలగపిండి కూర తెలియని యిల్లు మన వైపు లేదు. బాలెంతకు పెట్టని తల్లీ లేదు. ఆ సోయా పిండిని తడిపి, జంతికల గొట్టంలో వొత్తినట్టు, కాని విపరీతమైన వేడిలో, వొత్తిడిలో, యంత్రపు మర తోసుకుపోతుంది. రంధ్రంలోంచి బయట పడగానే లోపలి నీరు వొక్కసారిగా ఆవిరై, ముద్ద పొంగి, స్పంజిలాగా పీచులు తేలుతుంది. అమెరికాలో ఈ పద్ధతి 1960లలో వ్యాపారానికి వచ్చింది. అంతకుముందే హెన్రీ ఫోర్డు కార్ల కంపెనీలో పనిచేసిన రాబర్ట్ బాయర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు సోయా మాంసకృత్తులను దారంలా వడికి, ఆ దారాలతో మాంసంవంటి తిండి తయారుచేసే పద్ధతికి 1954లో పేటెంటు తీసుకున్నాడు. కార్లు చేసేవాడి కొలువులో కైమాకు నారు పోసారన్నమాట!

ఈ రవ్వ 100 గ్రాములలో సుమారు 52 గ్రాములు మాంసకృత్తులు. బియ్యంలో అయితే 7, 8 గ్రాములకు మించవు. మూడు పూటలా అన్నమే తినే మన డెల్టా కుటుంబాలకు, అందులోనూ షుగరు జబ్బుతో అన్నం తగ్గించుకోమని డాక్టరు చెప్పిన పెద్దవారికి, ఇది చిన్న సంగతి కాదు. అయితే రవ్వలో కొవ్వు దాదాపు సున్న. రుచి చెడేది అక్కడే. మాంసపు కైమాలో కొవ్వే మసాలాను మోసి నాలుక మీద పెడుతుంది. సోయాలో ఆ మోసేవాడు లేడు. నీళ్లలో వుడికించి దించితే తడిసిన అట్టముక్క తిన్నట్టుంటుందని మీల్ మేకర్‌ను తిట్టుకునే వారందరూ నూనె దగ్గర పిసినారితనం చేసినవారే.

నేను చేసిన పద్ధతి యిది. ఆరుగురికి 100 గ్రాముల రవ్వ. మరిగే నీళ్లలో వుప్పు వేసి, రవ్వ పోసి పది నిమిషాలు మూత పెట్టాలి. తరువాత చన్నీళ్లలో రెండుసార్లు కడిగి, గుప్పిట్లో పెట్టి గట్టిగా పిండాలి. పిండడం అంటే మొహమాటానికి కాదు. చింతపండు పిప్పి పిండినట్టు. సోయాకు వుండే పచ్చి వాసన ఆ నీళ్లతోనే పోతుంది. బాండీలో నాలుగు పెద్ద చెంచాల నూనె కాగనిచ్చి, ముందుగా రవ్వనే వేయించాలి. తడి యిగిరి, అంచులు ఎర్రబడి, బాండీలో గలగలమని చప్పుడు వచ్చేదాకా. వుల్లిపాయ, టొమేటో తరువాతి సంగతి. చాలామంది ముందు వుల్లి వేయించి, టొమేటో మగ్గించి, చివర రవ్వ కలుపుతారు. అప్పుడది పులుసులో నానిన రవ్వగానే మిగులుతుంది.

పులుసు కోసం నాలుగు టొమేటోలు, వొక పెద్ద వుల్లిపాయ, ఆరు వెల్లుల్లి రెబ్బలు నిప్పు మీద తొక్క మాడేట్టు కాల్చాలి. మన కాల్చిన వంకాయ పచ్చడి పద్ధతే. మెక్సికో ఆడవారూ అలాగే పెనం మీద కాలుస్తారు. చెంచాడు వేయించిన జీలకర్ర. ఓరిగానో అని పుస్తకంలో వొక ఆకు కనిపిస్తుంది. దానికోసం గుంటూరు దాకా పరుగెత్తనక్కర్లేదు. కుండీలో పెంచే వాము ఆకు రెండు తుంచి వేయండి. ఆ ఘాటుకు యిది దగ్గర చుట్టమే.

ఇక కారం. ఇక్కడ జాగ్రత్త, సోదరీమణులారా! అమెరికా పుస్తకంలో "చిలీ పౌడరు రెండు పెద్ద చెంచాలు" అని వుంటే, మన కారప్పొడి రెండు పెద్ద చెంచాలు వేశారా, ఆ పూట యింటిల్లిపాదీ కుళాయి దగ్గరే వుండవలసి వస్తుంది. అక్కడి చిలీ పౌడరు వొట్టి కారం కాదు. చప్పని ఎండుమిరప పొడిలో జీలకర్ర, వెల్లుల్లి పొడి, ఓరిగానో కలిపిన మసాలా అది. వారు వాడే ఆంచో వంటి మిరపకాయ మన గుంటూరు సన్నంలో ఇరవయ్యో వంతు కారమైనా వుండదు. రంగుకోసం ఎనిమిది బ్యాడిగి మిరపకాయలు నానబెట్టి రుబ్బి, ఘాటుకోసం రెండంటే రెండే గుంటూరు కాయలు చేర్చాను. కాల్చినవన్నీ దీనితో కలిపి నూరి, వేగిన రవ్వలో పోసి, నూనె తేలేదాకా వుంచి, దించాక వొక నిమ్మకాయ పిండాను. తెనాలిలో నిమ్మకాయకు కరువా? నిమ్మకాయల మార్కెట్టే అక్కడ వున్నది. పైగా పప్పుధాన్యాలలోని ఇనుము వొంటికి పట్టాలంటే ఈ పులుపు తోడుండడం మంచిది.

ఆ రోజు రొట్టెల బదులు చపాతీలే. మామగారు రెండు తిన్నారు. ఆయన బజారులో కైమా రుచి ఎరిగినవారే; యింట్లోకి మాత్రం రానివ్వరు. మూడోది మడుస్తూ, "అమ్మాయ్, ఇది కైమా కాదని ప్రమాణం చేస్తావా?" అన్నారు. పిల్లవాడు పెదవి విరవకుండా తిన్నాడు. కాని నాయనమ్మ గిన్నె మూత తీసి చూసి, అలాగే మూసేసింది. "కాదన్న సంగతి నాకూ తెలుసే తల్లీ. చూపుకీ వాసనకీ అచ్చం అదే. నా వల్ల కాదు" అన్నది. నకలు బాగా కుదరడమే ఆవిడకు అడ్డమైంది. ఈ చిక్కు ఏ వంటల పుస్తకంలోనూ లేదు.

బాపట్లలో సున్నం

రెండు రోజుల తరువాత బాపట్ల వెళ్లాం. 1945లో స్థాపించిన వ్యవసాయ కళాశాల వున్న వూరు కాబట్టి, అక్కడ నలుగురు చేరితే మాట పంటలమీదికే మళ్లుతుంది. మా తమ్ముడు మాగాణి రైతు. వెనుకటి రోజుల్లో వరి కోతకు ముందు అదే చేలో మినుములు చల్లేవారు. పల్లాకు తెగులు, బంగారు తీగ పెచ్చుపెరిగి మినుము దెబ్బతిన్నాక, 2000 తరువాత చాలామంది దుక్కి దున్నకుండా ఆ తేమ మీదే మొక్కజొన్న నాటడం మొదలుపెట్టారు. అలా బస్తాలకు బస్తాలు పండుతున్నది. ఎక్కడికి పోతున్నది? కోళ్ల దాణాకు, గంజిపిండి మిల్లులకు. మొక్కజొన్న పొత్తు కాల్చుకు తినడమే గాని, ఆ గింజతో రొట్టె చేయడం మన డెల్టాలో ఎవరికీ అలవాటు లేదు. చేసి చూసినవారు విరిగిపోతున్నదని మానేశారు.

విరగకుండా వుండే మర్మం మెక్సికో వారికి వేల ఏళ్లనాడే తెలుసు: సున్నం. ఎండిన గింజలను సున్నపు నీళ్లలో వుడికిస్తే పైపొట్టు జారిపోతుంది, పిండికి జిగి వస్తుంది. గింజలో కట్టుబడి వున్న నయాసిన్ అనే విటమిను కూడా విడుదలవుతుంది. ఈ కిటుకు నేర్వకుండా గింజను మాత్రమే పట్టుకుపోయిన యూరపు, అమెరికా దేశాల్లోని పేదలు, మొక్కజొన్నే తిని బతికినచోట, పెల్లాగ్రా అనే జబ్బుతో నానా యాతనా పడ్డారు. తాంబూలంలో సున్నం రాసుకునే మనకు ఇందులో భయపడవలసింది ఏమీ లేదు.

కిలో గింజలకు, తినడానికి పనికివచ్చే పొడి సున్నం 10 గ్రాములు చాలు. స్టీలు గిన్నెలోనే చేయాలి, అల్యూమినియం పనికిరాదు. మూడు లీటర్ల నీళ్లలో కలిపి, సన్నని సెగమీద అరగంట వుడికించి, మూతపెట్టి రాత్రంతా వుంచాలి. పొద్దున రెండు చేతులతో రుద్ది నాలుగు నీళ్లు కడగాలి. నీళ్లు ఎంత తక్కువైతే అంత మంచిది. గ్రైండరులో గట్టి ముద్దగా రుబ్బాలి. మా వదిన బొబ్బట్టు తట్టినట్టు అరిటాకు మీద తట్టి చూపించింది. మెక్సికోవారికి దానికి కొయ్య అచ్చు వుంటుంది. మాకు వదిన చెయ్యి వుంది. కాలిన పెనంమీద ఇటొక నిమిషం, అటొక నిమిషం. రొట్టె విరగలేదు! తడివాన పడ్డ మట్టివాసన వంటి వొక కమ్మదనం యిల్లంతా నిండింది. వాడు వేడి రొట్టెను వుత్తదే వుప్పు చల్లుకుని తినడం చూసి మా తమ్ముడు, "కోళ్లకు పోసే గింజరా యిది!" అని నవ్వాడు. ఒక్క హెచ్చరిక: విత్తనం కోసం మందు పట్టించిన గింజలు ఎంత కడిగినా తినరాదు. తిండికి వుంచిన గింజలే తీసుకోవాలి.

బజారులో దొరికే మామూలు మొక్కజొన్న పిండి ఈ పనికి చాలదు. సున్నం తగలని పిండి అది. ఓపిక లేనివారు వేడినీళ్లతో కలిపి, మూడోవంతు గోధుమపిండి చేర్చి చేసుకోవచ్చు; అది రొట్టె అవుతుంది, ఆ కమ్మదనం మాత్రం రాదు.

రేపల్లె తాతమ్మ

తెనాలిలో బండి మారి రేపల్లె చేరాం. రైలు పట్టాలు అక్కడితో ఆఖరు. తరువాత కృష్ణమ్మా, లంకలూ. మా చెల్లెలి అమ్మమ్మకు ఎనభై దాటాయి. మేము చెప్పిన కథ అంతా విని, "కైమా అంటే ఏమిటే? పొడిపొడిగా, పలుకుపలుకుగా వుండేదేగా?" అన్నది. అవునన్నాం. "దానికింత హైరానా ఎందుకూ, పాటోళి చెయ్యరాదూ?"

నేను నిలబడిపోయాను. గోరుచిక్కుడు పాటోళి మన యిళ్లలో ఎన్నిసార్లు చేసుకోలేదు! పచ్చిశనగపప్పు నానబెట్టి, పలుకుగా రుబ్బి, పొడిపొడిగా వేయించిన ఆ కూర కైమా కాక మరేమిటి? అది దేనికీ నకలు కాదు. ఎవరి వాసనా తెచ్చిపెట్టుకోదు. తెనాలి నాయనమ్మ మూత తీసి మళ్లీ మూయవలసిన పని లేదు.

తాతమ్మ చెప్పినట్టే చేశాం. 300 గ్రాముల శనగపప్పు మూడు గంటలు నానబెట్టి, చుక్క నీరు లేకుండా వాడ్చి, రెండు ఎండుమిరపకాయలు, వుప్పు వేసి కచ్చాపచ్చాగా రుబ్బాం. కొందరు ముద్దను పచ్చిగానే నూనెలో వేసి పొడి చేస్తారు. అలా అయితే నూనె విపరీతంగా తాగుతుంది, చెయ్యీ నొప్పి పెడుతుంది. ఇడ్లీ పళ్లెంలో పావుగంట ఆవిరిపట్టి, పూర్తిగా చల్లారాక చేత్తో పొడి చేసి, మూడు చెంచాల నూనెలో ఎర్రగా వేయించడం తాతమ్మ పద్ధతి. వేడిమీద పొడి చేస్తే ముద్దవుతుంది. తెనాలిలో చేసిన కాల్చిన టొమేటో పులుసే దీనికీ. కాకపోతే సోయాను పులుసులో మగ్గనివ్వాలి, పాటోళిని మగ్గనివ్వకూడదు. పులుసును ముందే చిక్కగా యిగరబెట్టుకుని, వడ్డించే రెండు నిమిషాల ముందు కలిపి దించాలి. లేకపోతే పప్పు తడి పీల్చి జావైపోతుంది. ఆరుగురికి పంచితే మనిషికి 10 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. సోయాతో చేసినదానికంటె తక్కువేమీ కాదు.

బాపట్లనుంచి తెచ్చిన ముద్దతో రొట్టెలు చేసి, సగం కరకరలాడేట్టు వేయించాం. పిల్లవాడు మొదటిది అనుమానంగా కొరికాడు. తాతమ్మ వాడినే చూస్తూ కూర్చుంది. "బీన్స్ టాకోలా వుంది. బావుంది. యింకోటి" అన్నాడు వాడు. కైమాలా వుందనలేదు, చూడండి. మెక్సికో వంటలో చిక్కుడు గింజల టాకో అంటూ వొకటి వుండనే వున్నది గనక వాడి నాలుక దాన్ని ఆ ఖాతాలో రాసుకుంది. తాతమ్మకు పళ్లు లేవు. మెత్తని రొట్టెలో అదే కూర పెట్టి, వాడే నిమ్మకాయ పిండి యిచ్చాడు. "కొత్తిమీర యింకాస్త వెయ్యరా" అని పురమాయించి తిన్నది.

తెనాలికి తిరిగి వెళ్లాక నాయనమ్మ తానే పప్పు నానబోసింది. ఆ రోజు పొట్లాలు రాలేదు.

మిగతా బదుళ్లు కూడా చూశాం గాని, వాటిని గురించి చెప్పవలసింది తక్కువ. పనసపొట్టు రుచికి రాజే; కాని దానిలో పీచు తప్ప మాంసకృత్తులు లేవు. చీలికలుగా వుండే మాంసానికి బదులు వేయవచ్చు గాని కైమా పలుకు రాదు. పుట్టగొడుగులు తరిగి సోయాలో సగానికి సగం కలిపితే రుచి పెరుగుతుంది. ఆ మాట నిజం. కంద తురిమి వేయిస్తే పిల్లలు ఇష్టపడతారు. అది వుట్టి పిండిపదార్థం గనక షుగరున్నవారికి లాభం లేదు. పనీరు పొడి చేసి వేసేవారున్నారు. అది టాకో అవదు, పంజాబీ పరాటా అవుతుంది.

ఇక అమెరికాలో ఈమధ్య పేరుకెక్కిన ఫ్యాక్టరీ మాంసాలు వున్నాయి. బియాండ్ మీట్ 2009లోనూ, ఇంపాసిబుల్ ఫుడ్స్ 2011లోనూ పుట్టిన కంపెనీలు. రెండోదాని బర్గరు 2016లో బజారుకు వచ్చింది. సోయా మొక్క వేళ్ల బుడిపెలలో వుండే వొక ఎర్రని పదార్థాన్ని ఈస్టు చేత తయారుచేయించి, దాన్ని కలిపి, కాల్చేటప్పుడు నెత్తురు చెమర్చినట్టు కనిపించేలా చేశారు. మాంసం మానుకోదలచిన మాంసాహారికి అది గొప్ప సాయమే. మన నాయనమ్మలకు మాత్రం ఆ ఎర్రదనం చాలు, మంచం ఎక్కడానికి! దానిలో కొబ్బరినూనె కొవ్వూ వుంటుంది, వుప్పూ తక్కువేమీ కాదు. ఇంటి పప్పుతో అయ్యేదానికి అంత ఖర్చు పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం. టెక్సాసులో వున్న పిల్లలకు చెప్పవలసింది యింకొకటి వుంది: హోటల్లో కైమా వద్దన్నంత మాత్రాన సరిపోదు. చిక్కుడు గింజల ముద్దలో పందికొవ్వు, అన్నంలో కోడిరసం కలిపే చోట్లు వున్నాయి. అడిగి తినడం మేలు.

సోయా రోజూ తినవచ్చా అని అడిగేవారికి: వారానికి రెండుమూడుసార్లు తింటే మామూలు ఆరోగ్యవంతులకు బెంగలేదు. థైరాయిడు మాత్రలు వేసుకునేవారు మాత్రకూ సోయాకూ మధ్య కొన్ని గంటల ఎడం పెట్టాలి. లేకపోతే మందు సరిగా వొంటబట్టదు. సోయా పడనివారు కొందరు వుంటారు; పిల్లలకు మొదటిసారి కొంచెం పెట్టి చూడండి. మాంసంలో దొరికే బి-12 విటమిను సోయాలోనూ లేదు, శనగపప్పులోనూ లేదు. పాలు, పెరుగు మానకూడదు.

సోయా కైమా రెఫ్రిజిరేటరులో రెండు రోజులు నిలుస్తుంది. పాటోళి మన ఎండలకు బయట పూటకంటె ఆగదు. ఆవిరిపట్టి పొడి చేసిన పప్పును పులుసు కలపకుండా చల్లగా దాచుకుంటే మర్నాటికి పనికివస్తుంది. మిగిలితే బెంగ వద్దు. లావు బజ్జీ మిరపకాయలు నిలువునా చీల్చి, గింజలు తీసి, ఈ కైమా కూరి, శనగపిండిలో ముంచి వేయించండి. కూరిన మిరపకాయలని పేరుపెట్టి మెక్సికోలోనూ యిదే చేస్తారు, కొట్టిన గుడ్డు సొనలో ముంచి.